డాబా మీద ఆదివారం, టమాట అనే పేరు

మర్రిపాలెం నుంచి ఒక సోదరి రాశారు. పేరు వేయొద్దన్నారు. చేత్తో రాసిన ఉత్తరం, ఆరు పేజీలు. "నా తెలుగులో తప్పులుంటాయి, దిద్దుకుని చదవండి" అని మొదట్లోనే రాశారు. దిద్దాల్సినవి పెద్దగా కనిపించలేదు. సారాంశం ఇది.

ఆవిడ పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. తండ్రిది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవారు గానీ బడిలో హిందీ, ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ. తెలుగు చదవడం, రాయడం పెద్దయ్యాక తనంతట తాను నేర్చుకున్నారు. రెండేళ్ల క్రితం పెళ్లయి విశాఖ వచ్చారు. భర్త మంచివాడే, అత్తగారు ఆప్యాయంగా చూస్తారు. మామగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఒక అలవాటు ఉంది. ఆదివారం సాయంత్రం అందరూ డాబా మీద చాపలు పరుచుకుని కూర్చుంటారు. బజ్జీల పళ్లెం మధ్యలో పెట్టగానే మామగారు మొదలుపెడతారు. ముందు పొడుపు కథలు, తర్వాత ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటలు, చివర్లో అక్షరాలు తారుమారు చేసి కొత్త మాట పుట్టించడం. భర్త, మరిది, ఆడపడుచు, ఆడపడుచు ఎనిమిదేళ్ల కూతురు, అందరూ ఎగబడి చెబుతారు.

కాపురానికొచ్చిన మొదటి ఆదివారం మామగారు అడిగారట: "గోడ మీద బొమ్మ, గొలుసుల బొమ్మ, వచ్చేపోయేవారికి వడ్డించు బొమ్మ." ఆవిడ బాగా ఆలోచించి "క్యాలెండర్" అన్నారు. డాబా అంతా నవ్వు. జవాబు తేలు. మరుసటి వారం ఎటు చదివినా ఒకటే అయ్యే మాట చెప్పమంటే "టమాట" అన్నారు. బాగుందన్నారు అందరూ. ఆ పై వారం ఎంత వెతుక్కున్నా టమాటే వచ్చింది. అంతే, పేరు స్థిరపడిపోయింది. మరిది "టమాట వదిన" అంటాడు, ఆ పాప "టమాట అత్త" అంటుంది, ఒకసారి మామగారు కూడా "మా టమాటని పిలవండి" అన్నారు.

కిందటి నెల ఆవిడ అమ్మానాన్నలు చూడ్డానికి వచ్చారు. ఆ ఆదివారం వాళ్ల ముందు కూడా ఇదే పేరు, ఇదే నవ్వు. నాన్నగారూ అందరితో కలిసి నవ్వారు. రాత్రి పడుకునే ముందు మాత్రం, "నిన్ను తెలుగు బడికి పంపలేకపోయాం తల్లీ" అన్నారట. అప్పటినుంచి మూడు ఆదివారాలుగా ఈవిడ తలనొప్పి అని చెప్పి కింద గదిలోనే ఉంటున్నారు. ఇంకో సంగతి కూడా రాశారు. అసలు తనకు ఇలాంటి ఆటలంటే ప్రాణం. రాత్రిళ్లు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల పజిల్స్ వరుసగా చేస్తారు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆవిడ అడిగింది: "ఇక ఆ పేరుతో పిలవొద్దని మామయ్యగారికి మొహం మీద చెప్పేయనా? ఇలాగే తప్పించుకు తిరగనా? లేక గుట్టుగా అన్నీ నేర్చుకుని ఒక ఆదివారం అందరి నోళ్లూ మూయించనా?"

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఒకటే బాధ అనుకుంటున్నారు గానీ అవి మూడు. పొడుపు కథలు విప్పలేకపోవడం ఒకటి, మీకో పేరు అంటుకోవడం ఇంకొకటి, ఆ రాత్రి మీ నాన్నగారు అన్న మాట మూడోది. మూడూ జడలా అల్లుకుపోయాయి. అందుకే ఏ పాయ లాగినా నొప్పి పుడుతోంది. పాయ పాయా విడదీద్దాం.

ముందు ఆ తేలు సంగతి. పొడుపు కథ తెలివికి పెట్టే పరీక్ష అనుకుంటాం. నేను అలా అనుకోను. అది ఒక ఇంట్లో, ఒక కాలంలో కళ్లకు కనిపించిన వస్తువుకు వేసిన ముసుగు. మట్టిగోడల ఇల్లు, కిరసనాయిలు దీపం, గోడ మీద పాకుతున్న తేలు. అది చూసినవాళ్లకు "గొలుసుల బొమ్మ" అనగానే కణుపులు కణుపులుగా ఉన్న దాని తోక కళ్లముందు ఆడుతుంది. కుట్టడాన్ని "వడ్డించడం" అన్నందుకు నవ్వొస్తుంది. మీరు పెరిగిన రైల్వే క్వార్టర్లో గోడ మీదున్న బొమ్మ క్యాలెండరే. వచ్చేపోయేవాళ్లందరికీ తిథి, వారం వడ్డించేది అదే. గొలుసులు ఒక్కటే కుదరలేదు గానీ మీరు విప్పిన పద్ధతి మాత్రం సరైనది. చూసినదాన్ని, అడిగినదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూశారు. ఆ రోజు డాబా మీద నిజంగా ఆలోచించింది మీరొక్కరే అని నా నమ్మకం.

ఎందుకంటున్నానో చెబుతాను. ఇంకో పొడుపు కథ చూడండి: "అమ్మ కడుపున పడ్డాను, అంతా సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదనయ్యాను." జవాబు పిడక. మీ ఆడపడుచు కూతుర్ని అడిగితే ప్రశ్న పూర్తి కాకముందే చెప్పేస్తుంది. కానీ ఆ పాప పిడకను చూసి ఉంటే భోగి రోజు దండలో చూసి ఉంటుంది. పేడ ముద్ద తీసి గోడకు చరిచి కొట్టడం చూసి ఉండదు. మరి ఎలా చెప్పింది? తాతయ్య నోట ఇరవైసార్లు వింది. అంటే అక్కడ చాలామంది విప్పడం లేదు, గుర్తుచేసుకుంటున్నారు. ఇరవై ఏళ్లుగా వింటున్నవాళ్ల మధ్య మీరు మొదటిసారి విన్నారు. దీన్ని తెలివితక్కువతనంగా లెక్కవేసుకుని మూడు వారాలు చీకటి గదిలో పడుకున్నారు చూడండి, నాకు అదే కష్టంగా అనిపించింది.

మా అమ్మమ్మ భీమిలిలో ఉండేది. చదువుకోలేదు, వేలిముద్రే. ఆవిడకు బాగా ఇష్టమైన పొడుపు కథ: "తెల్లటి పొలంలో నల్లటి విత్తనాలు, చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు." జవాబు పుస్తకంలో అక్షరాలు. వాటిని ఎప్పుడూ ఏరుకోలేని మనిషి, మేం పుస్తకం పట్టుకుని కూర్చుంటే చాలు, పక్కన చేరి ఈ ప్రశ్న వేసి మురిసిపోయేది. ఒక్కసారి కూడా మమ్మల్ని ఓడించాలని అడగలేదు. మేం తప్పు చెబితే ఇంకో ఆనవాలు ఇచ్చేది, ఇంకా రాకపోతే పుస్తకం మీద వేలు పెట్టి చూపించేది. అడిగేవాళ్లకు మనం దొరికించుకోవాలన్న ఆశ ఉంటే ఆ పొడుపు కథ ఆట అవుతుంది. మనం దొరికిపోవాలన్న ఆశ ఉంటే ఇంటర్వ్యూ అవుతుంది. మీ డాబా మీద మొదట్లో ఆట నడిచింది. ఎవరూ గమనించకుండానే మీ ఒక్కరి విషయంలో అది ఇంటర్వ్యూగా మారిపోయింది.

విప్పడంలో అసలు మజా ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. అయినా ఒకటి వేస్తాను. తెలుగునాట చాటువుగా తిరిగే పద్యం ఒకటుంది, దాని అర్థం ఇది: నాలుగోదాని కొడుకు అయిదోదాని దారిన వెళ్లి, మొదటిదాని కూతుర్ని చూసి, మూడోదాన్ని అక్కడుంచి, రెండోదాన్ని దాటి తిరిగొచ్చాడు. వింటే తలా తోకా ఉండదు. భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం అన్న వరుస చేతికిస్తే ఒక్కసారిగా తలుపులన్నీ తెరుచుకుంటాయి. గాలి కొడుకు హనుమంతుడు, ఆకాశమార్గాన వెళ్లాడు, భూమి కూతురు సీతను చూశాడు, లంకకు నిప్పంటించాడు, సముద్రం దాటి వచ్చాడు. ఆ వరుస తెలియనివాడు ఎంత తెలివైనవాడైనా గుమ్మంలోనే నిలబడతాడు. తాళంచెవి మీ చేతిలో పెట్టకుండా తలుపు తీయలేదని నవ్వారు మీ ఇంట్లో, అంతే జరిగింది.

ఇక అక్షరాల ఆటలు. ఇక్కడ మీరు అనుకుంటున్నదానికంటే చాలా బలంగా ఉన్నారు. వీటికి పిడకలు చూసి ఉండక్కర్లేదు, అక్షరం తెలిస్తే చాలు. అందరికీ ఒకే నేల. మీకు ఇంగ్లీషులో చెయ్యి తిరిగి ఉంది కాబట్టి ఒక్క తేడా పట్టుకుంటే సరిపోతుంది. ఇంగ్లీషులో అచ్చు వేరు, హల్లు వేరు, దేన్ని ఎక్కడికైనా జరపొచ్చు. తెలుగులో గుణింతం, సున్న, వత్తు అన్నీ హల్లును పట్టుకునే ఉంటాయి. అక్షరం కదిలితే దాని సామానంతా దానితో కదలాలి. అందుకే ముక్కలు తక్కువ, కుదిరినప్పుడు ఆనందం ఎక్కువ. "జామ" తిరగేయండి, "మజా" వస్తుంది. "పాట" తిరగేస్తే "టపా". "పడక" తిరగేస్తే "కడప". "కలప" తిరగేస్తే "పలక", పలకకు చట్రం కట్టేది కలపతోనే కదా, చూడండి ఎంత ముచ్చటగా ఉందో. సున్న ఉన్న మాటల్ని వదలకండి. "కలం" తిరగేస్తే "లంక". "సాగరం"లో అక్షరాలు మార్చి కూర్చండి, "సారంగ" దొరుకుతుంది. సముద్రం పక్కన ఉంటున్నాం, ఇది మనకు దొరకాల్సిందే. "మరా మరా" అంటూ "రామ"లోకి వెళ్లిన వాల్మీకి కథ చిన్నప్పుడు మీ ఇంట్లోనూ చెప్పే ఉంటారు. ఈ ఆటకు మన దగ్గర అంత పాత మర్యాద ఉంది. అవధానంలో వ్యస్తాక్షరి అని ఒక అంశం ఉంటుంది, ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి మధ్యమధ్యలో ఒక్కొక్కటిగా అందిస్తారు. అవధాని మిగతా పద్యాలన్నీ చెబుతూనే వాటిని గుర్తుపెట్టుకుని చివర్లో వాక్యంగా కూర్చాలి.

ఎటు చదివినా ఒకటే అయ్యే మాటలకు వద్దాం, మీకు దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి. అందరూ మొదట చెప్పే మాట "కిటికీ". నిజానికి అది సరిపోదు. మొదటిది కి, చివరిది కీ, దీర్ఘం అడ్డొస్తుంది. మీ "టమాట" చూడండి. ట, మా, ట. ఎక్కడా వంక లేదు. మీరు మొదటి ప్రయత్నంలోనే నికార్సయిన మాట చెప్పారు.

కొత్తవి దొరకాలంటే మొదటినుంచి వెతక్కండి, చివరినుంచి వెతకండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందులోనూ ఉకారంతో ముగిసేవి బోలెడు. ఒక్క మాటలోనే ఉకారం ఈ చివరినుంచి ఆ చివరిదాకా పాకే గుణం కూడా తెలుగుకు ఉంది. కాబట్టి "కు"తో మొదలై "కు"తో ముగిసేవి ఏమున్నాయి? కునుకు, కులుకు. "పు"తో? పులుపు. పాత తెలుగులో మాటల చివర "ము" ఉంటుంది కదా, "ము"తో మొదలయ్యే మాట పట్టుకోండి: ముఖము, మునుము. తర్వాత కాస్త సంస్కృతం వైపు తిరిగితే నటన, నయన, జలజ, మహిమ, కందుకం. పొడుగువి కావాలంటే మందారదామం, అంటే మందారాల దండ. జంబీరబీజం, అంటే నిమ్మగింజ. తెనాలి రామకృష్ణుడి పేరు చెప్పి వికటకవి అందరూ అంటారు, దాన్ని చివరికి దాచుకోండి. ఒక్క గంట కాగితం, కలం పెట్టుకుని కూర్చుంటే మీకు ముప్పై దొరుకుతాయి. బజ్జీలు వేయించే నూనెతో సహా వంటింట్లో కనిపించినవన్నీ తిరగేసి చూడటం మొదలుపెడతారు, ఈ జబ్బు నాకూ ఉంది.

ఇప్పుడు మీరు అడిగిన దారులు చూద్దాం.

తప్పించుకు తిరగడం అన్నిటికంటే సులువు, అందుకే మూడు వారాలు గడిచాయి. కానీ తలనొప్పికి కూడా ఒక వయసు ఉంటుంది. నాలుగో వారం అత్తగారు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానంటారు, అయిదో వారం "ఆ అమ్మాయికి మనతో కూర్చోవడం ఇష్టం లేదేమో" అనే మాట మెల్లగా పుడుతుంది. మీరు చిన్నబోయి కింద ఉంటే, వాళ్లు మీరు చిన్నచూపు చూస్తున్నారని అనుకునే రోజొస్తుంది. పైగా మీకు ప్రాణమైన ఆట పైన నడుస్తుంటే మీరు కింద ఫోన్లో అదే ఆట ఒంటరిగా ఆడుకోవడం నా మనసు ఒప్పుకోవడం లేదు.

గుట్టుగా నేర్చుకుని అందరి నోళ్లూ మూయించడం. ఇది చదువుతున్నప్పుడు నాకూ ఉత్సాహం వచ్చింది, దాచను. నేర్చుకోండి, తప్పకుండా. కానీ నోళ్లు మూయించడం దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ ఆదివారం మీరు గెలుస్తారు. మామగారు మనవరాలి ముందు, కొడుకుల ముందు తడబడతారు. తర్వాతి ఆదివారం? మళ్లీ గెలవాలి. ఒక్కసారి తప్పినా పాత పేరు కొత్త రంగు వేసుకుని వస్తుంది. మిమ్మల్ని బాధపెట్టింది ఆ ఇంటర్వ్యూ వాతావరణమే కదా, మీరు గెలిచినా అది అక్కడే ఉంటుంది, కుర్చీలు మారతాయి అంతే. అయినా మీకు ఆ ఒక్క గెలుపు కావాలనిపిస్తే తప్పు పట్టను. పంతం కొన్నిసార్లు మనిషిని నిలబెడుతుంది.

మొహం మీద చెప్పడం. దీన్ని రెండుగా చూడాలి. ఎవరికి చెప్పాలి, ఏం చెప్పాలి. నేరుగా మామగారికి, అదీ డాబా మీద అందరి ముందు చెబితే ఆయన నొచ్చుకుంటారు, ఆదివారాలు బిగుసుకుపోతాయి. నోరు జారకుండా అందరూ జాగ్రత్తగా మాట్లాడే ఆటలో ఆట ఉండదు. ముందు మీవారికి చెప్పండి. మీ ఉత్తరంలో ఆయన గురించి రెండు మంచి మాటలున్నాయి గానీ, ఆయనకు ఈ విషయం చెప్పినట్టు ఎక్కడా లేదు. "మీ ఇంట్లో నన్ను ఏడిపిస్తున్నారు" అంటే ఆయన ఇంటివాళ్లను వెనకేసుకొస్తారు, సరదాకే కదా అంటారు. అలా కాకుండా జరిగిన ఒక్క సంగతి చెప్పండి. "ఆ రోజు మీరంతా నవ్వాక రాత్రి నాన్న ఇలా అన్నారు. అప్పటినుంచి నాకు పైకి రాబుద్ధి కావడం లేదు." దీనికి సరదా అనే జవాబు ఎవరి దగ్గరా ఉండదు. ఆయన తన తండ్రితో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ మాట చేరవేస్తే సగం పని అయిపోతుంది. ఒకవేళ ఆయన తేలిగ్గా తీసుకుంటే? అప్పుడు అత్తగారు. ఆవిడ కూడా ఒకప్పుడు ఆ డాబా మీదికి కొత్త కోడలిగా ఎక్కిన మనిషే.

ఆ పేరు పూర్తిగా పోవాలా అన్నది కూడా మీరే తేల్చుకోవాలి. మరిది అనేది వేరు, ఎనిమిదేళ్ల పాప "టమాట అత్తా" అని మెడకు చుట్టుకోవడం వేరు. పాప నోట్లో అది మీ పేరు, వెక్కిరింత కాదు. పెద్దవాళ్లు మానేసినా పాప అంటే మీకు హాయిగా ఉంటుందేమో, మిమ్మల్ని మీరే అడిగి చూడండి. ఉండదనిపిస్తే పాపను పక్కన కూర్చోబెట్టుకుని, "నన్ను పిలవడానికి అటూ ఇటూ ఒకేలా ఉండే ఇంకో మంచి పేరు వెతికిపెట్టవా" అని పని అప్పజెప్పండి. వారం రోజులు ఆ పిల్ల ఇంకేమీ చేయదు.

మీరు రాయని దారి ఇంకొకటి ఉంది, నా మనసు దానివైపే మొగ్గుతోంది. రెండేళ్లుగా ఆ డాబా మీద మీరు జవాబు చెప్పే చోటే కూర్చున్నారు. అడిగే చోట ఒక్కసారీ కూర్చోలేదు. పొడుపు కథలో పగ్గాలు అడిగేవాళ్ల చేతిలో ఉంటాయి. మీ దగ్గర వాళ్లకు తెలియని సరుకు ఒక ఊరంత ఉంది. బెంగాలీలో పొడుపు కథను "ధాంధా" అంటారని మీకు తెలుసు, మీ మామగారికి తెలియకపోవచ్చు. బెంగాలీ పిల్లలందరికీ తెలిసిన "రమాకాన్త కామార" ఉంది కదా, రమాకాంతుడనే కమ్మరి. ర, మా, కా, న్త, కా, మా, ర. అటు నుంచీ అంతే. అదే పేరును మన అలవాటు ప్రకారం సున్న పెట్టి "రమాకాంత" అని రాశామో, కాం ఒకవైపు, కా ఇంకోవైపు అయి ఆట చెడిపోతుంది. ఒక లిపిలో నిలబడిన మాట ఇంకో లిపిలోకి రాగానే ఎందుకు కూలిందో పలక మీద రాసి చూపించండి. తెలుగు మాస్టారుగా పనిచేసిన మనిషి దీన్ని వదిలిపెట్టరు, రాత్రి భోజనాల దగ్గర కూడా అదే మాట్లాడతారు. మీ పుట్టింటికీ అత్తింటికీ మధ్య రైలు దారిలోనే ఒకటుంది. మనం కటక్ అంటాం, ఒడియావాళ్లు "కటక" అని నిండుగా పలుకుతారు.

సొంతంగా కట్టొచ్చు కూడా. మీ ఊరి మీద: "వెయ్యి మీటర్లు దాటిన అరుగు, దానికి ఇల్లు లేదు. రోజూ చుట్టాలొస్తారు, ఒక్కరూ నిలవరు." ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం, చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసింది. మన ఊరి మీద: "సగం చేతికి, సగం ఏటికి, కలిపితే బస్సాగే చోటు." గాజువాక. వాక అంటే ఏరు. ఇంకొకటి: "పని చేసినన్నాళ్లూ నీళ్లలో మునిగింది, పని మానేశాక ఒడ్డెక్కింది. ఇప్పుడు దాని కడుపులోకి దూరి జనం నవ్వుకుంటూ బయటికొస్తారు." బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పాపకు ఇది ముందు వేయండి, మరుసటి ఆదివారం అక్కడికి తీసుకెళ్లమని గొడవ చేస్తుంది.

ఈ దారిలోనూ ఒక చిక్కుంది. వాళ్లకు రాకపోవచ్చు. రాకపోతే మొహాలు చిన్నబుచ్చుకోవచ్చు, "ఇవేం పొడుపు కథలు" అని కొట్టిపారేయొచ్చు. అప్పుడు నవ్వకండి. రెండో ఆనవాలు ఇవ్వండి, మూడోది ఇవ్వండి, చేరువకు వచ్చాక చెప్పేయండి. మీకెవరూ ఇవ్వనిది మీరు వాళ్లకు ఇస్తున్నారని మాటల్లో చెప్పక్కర్లేదు, మామగారు గ్రహిస్తారు.

మామగారి గురించి ఒక్క మాట. రిటైరైన మాస్టారికి ఆ డాబాయే తరగతి. ఆయనను ఓడించాలనుకునే విద్యార్థి కంటే అడిగే విద్యార్థి ఆయనకు ఎక్కువ ఇష్టం కావచ్చు. శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఉన్న నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఒక పద్యం ఉంది, ప్రతి పాదమూ ఎటు చదివినా ఒకటే. మొదటి పాదం "ధీర శయనీయ శరధీ", సముద్రాన్ని పడకగా చేసుకున్నవాడా అని పిలుపు. ధీ దగ్గర మొదలుపెట్టి వేలితో ఒక్కో అక్షరం లెక్కపెడుతూ వెనక్కి రండి. ఒక మధ్యాహ్నం కాఫీ ఇస్తూ, "దీని మిగతా మూడు పాదాలూ నాకు చెబుతారా మామయ్యా" అని అడిగి చూడండి. డాబా మీద పదిమందిలో కాదు, ఒక్కరే ఉన్నప్పుడు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న కోడలిని ఆయన తర్వాత ఏ పేరుతో పిలుస్తారో నాకు చూడాలని ఉంది.

ఇక మీ నాన్నగారు. నిన్ను తెలుగు బడికి పంపలేకపోయాం అన్న మాట మీకు నింద మోపినట్టు వినిపించింది. నాకు వేరేలా వినిపించింది. ఆయన శ్రీకాకుళం వైపు పల్లెలో పెరిగారన్నారు. అంటే గోడ మీద తేలు, పేడ పిడక, "మూడు కళ్ల ముసలిదాన్ని నేనెవర్ని" అంటే తాటిముంజ, ఇవన్నీ ఆయన చిన్నతనంలోవే. ఆ రోజు డాబా మీద మీకు తెలియని ప్రతి జవాబూ ఆయనకు తెలిసే ఉంటుంది. కూతురికి అందివ్వాల్సింది తన దగ్గరే ఉండిపోయిందని ఆయనకు అప్పుడే తట్టి ఉంటుంది. షిఫ్టుల మధ్య, నిద్రల మధ్య చెప్పే తీరిక దొరకలేదేమో.

ఈ వారమే ఆయనకు ఫోన్ చేయండి. బాధ గురించి ఏమీ ఎత్తొద్దు. "నాన్నా, నాయనమ్మ నీకు వేసిన పొడుపు కథలు చెప్పు, రాసుకుంటాను" అనండి. పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. మొదట ఏవీ గుర్తులేవంటారు. కాసేపు పట్టుకుని ఉండండి. ఇప్పుడు ఆయనకు డ్యూటీ లేదు కదా.